ఎయిర్ ఫ్రయర్‌లో బంగాళదుంప: పైన మాడి, లోపల పచ్చిగా ఎందుకు ఉంటోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. అమెరికాలో ఉంటున్న మీ అమ్మాయి మొన్న వచ్చినప్పుడు మీకు ఎయిర్ ఫ్రయర్ కొనిచ్చి, అక్కడ తను చేసుకునే బేక్డ్ పొటాటో ఎలా చేయాలో చెప్పి వెళ్ళింది. మీరు రైతుబజార్లో కొన్న దుంపని 200 డిగ్రీల్లో 25 నిమిషాలు పెట్టారు. తొక్క నల్లబడింది, చాకు దించితే లోపల పచ్చిగా కరకరలాడింది. రెండోసారి సిల్వర్ ఫాయిల్ చుట్టి పెడితే మెత్తబడింది కానీ కుక్కర్లో ఉడకబెట్టినట్టు తడితడిగా వచ్చింది. మిషన్‌లో లోపమా, నా చేతిలో లోపమా అని అడిగారు.

మిషన్‌లోనూ లేదు, మీ చేతిలోనూ లేదండి. లోపం ముందు దుంపలో ఉంది, తర్వాత వేడిలో ఉంది. పద్ధతి ముందే చెప్పేస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు కారణాలు తర్వాత చదువుకోండి.

200 గ్రాములకి అటూ ఇటూ ఉన్న, పొడవాటి, తొక్క ముదిరిన దుంప తీసుకోండి. మట్టి పోయేలా రుద్ది కడిగి, బట్టతో తుడిచి, ఫ్యాన్ కింద పావుగంట ఆరనివ్వండి. ఫోర్కుతో ఐదారు చోట్ల లోతుగా పొడవండి. నూనె వద్దు, ఫాయిల్ వద్దు. 180 డిగ్రీల్లో 35 నిమిషాలు పెట్టి, సగం సమయం అయ్యాక ఒకసారి తిప్పండి. అప్పుడు బయటికి తీసి అర చెంచా నూనె, కాస్త ఉప్పు తొక్కకి పట్టించి 200 డిగ్రీల్లో ఇంకో 8 నుంచి 10 నిమిషాలు పెట్టండి. చాకు మొన వెన్నలోకి దిగినట్టు దిగాలి. తీసిన వెంటనే, అంటే నిమిషంలోపే, పైన అడ్డంగా నిలువుగా గాటు పెట్టి రెండు పక్కల నుంచీ నొక్కి విప్పేయండి.

ఇంతే. ఇక మిగతాది.

నేను లెస్టర్‌లో తొమ్మిదేళ్ళు ఒక చిన్న కేఫ్‌లో పనిచేశాను. ఇంగ్లండ్‌లో దీన్ని జాకెట్ పొటాటో అంటారు, తొక్కే దాని కోటు అన్నమాట. పొద్దున ఏడింటికి ఓవెన్‌లో నలభై దుంపలు పెట్టడం నా మొదటి పని. పన్నెండు గంటలకి జనం వచ్చేసరికి అవి సిద్ధంగా ఉండాలి. తిరిగొచ్చి గుంటూరులో స్థిరపడి నాలుగేళ్ళయింది. ఇక్కడ నా దగ్గరున్నది 4 లీటర్ల బుట్ట ఉన్న మామూలు ఎయిర్ ఫ్రయర్. మొదటి నెలంతా నాకూ మీలాగే అయింది. తొమ్మిదేళ్ళ అనుభవం ఉంది కదా అన్న పొగరు నాలుగు దుంపలతో దిగిపోయింది.

దుంప సంగతి

అక్కడ కేఫ్‌కి వచ్చే దుంపలు వేరు. మారిస్ పైపర్, కింగ్ ఎడ్వర్డ్ అనే రకాలు వచ్చేవి. పెట్టె మీద ఒక అంకె ఉండేది, ఆ పెట్టెలో ఎన్ని దుంపలు పడతాయో దాని లెక్క. అంకె చిన్నదైతే దుంప పెద్దది. అంటే పెట్టెలోని దుంపలన్నీ ఒకే సైజు. మీ అమ్మాయి అమెరికాలో వాడేది రసెట్ రకం, ఐడహో రాష్ట్రం దానికి పేరుమోసింది. గరుకు తొక్క, పొడుగు ఆకారం. ఇవన్నీ పిండి ఎక్కువ, నీరు తక్కువ ఉన్న దుంపలు. కాలితే లోపల పిండి గింజలు ఉబ్బి, కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. ఆ పొడిపొడితనం అక్కడి నుంచి వస్తుంది. నీటి దుంపలో కణాలు వదలవు, జిగటగా అతుక్కునే ఉంటాయి. దాన్ని ఏ మిషన్‌లో పెట్టినా కూర దుంపే అవుతుంది తప్ప మీరు వీడియోల్లో చూసినట్టు విచ్చుకోదు.

మన దగ్గర అమ్మే రకాల పేర్లు ఎక్కువగా కుఫ్రీతో మొదలవుతాయి: కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ పుఖ్‌రాజ్, కుఫ్రీ చిప్‌సోనా. సిమ్లాలో కేంద్ర బంగాళదుంప పరిశోధన సంస్థ ఉంది, ఆ పక్కనే ఉన్న కుఫ్రీ ఊరి పేరే వీటికి పెట్టారు. వీటిలో చిప్‌సోనా రకాలు చిప్స్ ఫ్యాక్టరీల కోసం పుట్టించినవి, పిండి బాగా ఉంటుంది, మన పనికి అదే బంగారం. పుఖ్‌రాజ్ త్వరగా చేతికొచ్చే పంట, నీరు ఎక్కువ, కూరకి బాగుంటుంది గానీ కాల్చడానికి కాదు. చిక్కేమిటంటే బజార్లో ఎవరూ రకం పేరు చెప్పరు. అడిగితే "ఆగ్రా దుంప అమ్మా" అంటారు, లేదా బెంగాల్ సరుకు అంటారు. (పేరులోనే బంగాళం ఉంది, పోనీ అనుకోవాలి. మీరు ఆలుగడ్డ అంటారో ఉర్లగడ్డ అంటారో గానీ సంగతి అదే.)

కాబట్టి నేను చేసేది రెండు పరీక్షలు. మొదటిది కొట్టు దగ్గరే. బొటనవేలి గోరుతో కాదు, వేలితోనే తొక్కని రుద్దండి. పొరలా జారిపోతే అది కొత్త పంట, నీరు ఎక్కువ, వదిలేయండి. జనవరి నుంచి మార్చి దాకా బజారంతా ఇదే ఉంటుంది, చూడ్డానికి ముద్దొస్తుంది, వేపుడుకి ఎంతో బాగుంటుంది. తొక్క అతుక్కుని, కాస్త గరుకుగా, గట్టిగా ఉన్నది తీసుకోండి. రెండోది ఇంట్లో. ఒక గ్లాసు ఉప్పుకి పదకొండు గ్లాసుల నీళ్ళు కలిపి, బాగా కరిగాక దుంప వేయండి. మునిగితే పిండి దుంప, తేలితే నీటి దుంప. పిండి బరువు, నీరు తేలిక, అంతకు మించి మంత్రం లేదు. అన్ని గ్లాసులు అక్కర్లేదు, చిన్న గ్లాసుతో కొలిచి ఒక్కో దుంపనే వేసి చూడొచ్చు. మొదటిసారి చేసినప్పుడు కిలో దుంపల్లో మూడు మునిగాయి, మిగతావన్నీ పైన బాతుల్లా తేలాయి. ఆ మూడూ కాల్చాను, మిగతావి అల్లం పచ్చిమిర్చి కూరకి పోయాయి. ఆ రోజు నుంచి నాకు మిషన్ మీద కోపం పోయింది.

ఫ్రిజ్‌లో పెట్టిన దుంప మాత్రం వద్దు. చలికి దుంపలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన దుంపలు ఒక్కోసారి తియ్యగా ఉన్నాయని మనం విసుక్కునేది ఇందుకే. ఆ చక్కెర వేడికి త్వరగా మాడుతుంది. మీ మొదటి దుంప పాతిక నిమిషాలకే అంత నల్లబడిందంటే ఇది కూడా కారణం అయ్యుండొచ్చు. తియ్య దుంపల్ని వారం పది రోజులు వంటింట్లో చీకటి మూల, గాలి తగిలే బుట్టలో ఉంచితే తీపి కొంత తగ్గుతుంది. వెలుతురు తగిలే చోట పెట్టకండి, పచ్చబడతాయి. పచ్చబడినదాన్ని తొక్కతో తినే వంటకి అసలు వాడకూడదు. చేదుగా ఉంటే ఆలోచించకుండా పారేయడమే.

లావు లెక్క

బరువు కంటే లావు ముఖ్యం. వేడి బయట నుంచి నడిమధ్యకి నడిచి వెళ్ళాలి. దారి ఒకటిన్నర రెట్లు పెరిగితే పట్టే సమయం ఒకటిన్నర రెట్లు కాదు, రెండింతల దగ్గరికి వెళుతుంది. అందుకే 200 గ్రాముల గుండ్రటి దుంప కంటే 200 గ్రాముల పొడవాటి దుంప ముందు అవుతుంది. నా మిషన్‌లో నేను రాసి పెట్టుకున్న లెక్క ఇది: 150 గ్రాముల దుంపకి మొత్తం 35 నిమిషాలు, 200కి 45, 300 గ్రాములకి దాదాపు గంట. మీ మిషన్‌లో ఐదు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. పక్కపక్కన మూడు నాలుగు పెడితే ఇంకో ఐదు నుంచి పది నిమిషాలు కలుపుకోండి. నాలుగు పెట్టాం కదా అని నాలుగింతలు పట్టదు, కానీ వాటి మధ్య వేలు దూరేంత ఖాళీ ఉండాలి. గాలి తిరగకపోతే అది ఎయిర్ ఫ్రయరే కాదు, వేడి డబ్బా.

అన్నిటికంటే పెద్ద తప్పు చిన్నవి, పెద్దవి కలిపి ఒకేసారి పెట్టడం. మా కేఫ్‌లో ఒకసారి పెట్టె తక్కువై ఇంకో కొట్టు నుంచి కలగాపులగం సంచి తెచ్చారు. ఆ రోజు సగం దుంపలు ఎండిపోయాయి, సగం మళ్ళీ లోపలికి వెళ్ళాయి.

200 ఎందుకు వద్దంటున్నాను

ఎయిర్ ఫ్రయర్ అంటే పేరు గొప్పగా ఉంది గానీ, అది బుల్లి ఓవెన్, పైన ఒక కాయిల్, దాని మీద గట్టి ఫ్యాన్. మా కేఫ్ ఓవెన్ కూడా 200 డిగ్రీలే, కానీ అందులో దుంపకి, కాయిల్‌కి మధ్య చాలా దూరం. ఇక్కడ జానెడు కూడా ఉండదు. దుంప పైభాగానికి తగిలేది మీరు పెట్టిన అంకె కంటే ఎక్కువే. తొక్క మాడటం మొదలయ్యేసరికి లోపల ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది.

చిన్నప్పుడు మా నాయనమ్మ పొయ్యిలో చిలగడదుంపలు కాల్చేది. మంట మీద ఎప్పుడూ పెట్టేది కాదు. వంట అయిపోయి మంట ఆరాక, బూడిద పక్కకి తోసి, దుంపలు పెట్టి, మళ్ళీ బూడిద కప్పేసి, పైన రెండు నిప్పులు వేసి మర్చిపోయేది. మేం మర్చిపోయేవాళ్ళం కాదు, పది నిమిషాలకోసారి పుల్లతో కెలికి తిట్లు తినేవాళ్ళం. ఆవిడ చేసింది ఇదే: ముందు నిదానమైన వేడి అన్ని వైపుల నుంచీ. 180 అన్నది మన బూడిద. ఆఖరి పది నిమిషాల 200 తొక్క కోసం.

ఇంకో చిన్న తిరకాసు. అమెరికా వంటల్లో 400 అని ఉంటే అది ఫారన్‌హీట్, మన లెక్కలో 200 సెల్సియస్‌కి కొంచెం పైన. 350 అంటే 177. మీ అమ్మాయి చెప్పిన అంకెలు ఎందులోవో ఒకసారి అడగండి. మా పక్కింటావిడ రొట్టె కోసం 350 ఎక్కడుందా అని బటన్ నొక్కుతూనే ఉంది, ఆ మిషన్ 200 దాటి వెళ్ళదు.

నూనె ఆఖరులోనే

ముందే నూనె రాస్తే తొక్కలోంచి తేమ బయటికి రావడం తగ్గుతుంది, తొక్క తోలులా సాగుతుంది. నేను రెండు దుంపలు పక్కపక్కన పెట్టి చూశాను, ఒకటి ముందు రాసింది, ఒకటి చివర రాసింది. చివర రాసినది కొరికితే అప్పడంలా పటపటలాడింది. ఉప్పు కూడా ముందు చల్లితే నిలవదు, ఫ్యాన్ గాలికి బుట్ట అడుక్కి పోతుంది. నూనెతో కలిపి చేత్తో పట్టిస్తేనే అంటుకుంటుంది. ఏ నూనైనా సరే, నేను వేరుశనగ నూనె వాడతాను. నెయ్యి బాగుంటుంది గానీ అడుగుకి కారితే పొగ వస్తుంది.

తడి దుంప పెట్టకండి. పైన నీళ్ళున్నంతసేపూ మిషన్ ఆ నీళ్ళని ఆవిరి చేయడంలోనే పడుతుంది, తొక్క కరకరలాడదు. ఫోర్కుతో పొడవడం మర్చిపోకండి. పొడవకపోయినా చాలాసార్లు ఏమీ కాదు. అయిన రోజు మాత్రం లోపలి ఆవిరికి దుంప "టప్" మని పగిలి కాయిల్ నిండా అతుక్కుంటుంది. కేఫ్‌లో కొత్తగా చేరిన పిల్లాడు ఒకసారి మర్చిపోయాడు, నలభైలో ఒక్కటే పగిలింది, ఓవెన్ తుడవడానికి గంటన్నర పట్టింది. పొడవడం బయటే పొడవండి, బుట్టలో పెట్టి పొడిస్తే పూత గీసుకుపోతుంది.

సగంలో ఆపకండి

ఇది చాలామందికి తెలియదు. నేనూ దెబ్బ తిన్నాకే తెలుసుకున్నాను. కిందటి వేసవిలో దుంపలు పెట్టిన ఇరవై నిమిషాలకి కరెంటు పోయింది. తీయకుండా అలాగే ఉంచాను, వేడి లోపలే ఉంటుంది కదా, వచ్చాక మిగతా పాతిక నిమిషాలు తిప్పుదాం అనుకున్నాను. గంటకి వచ్చింది. పాతిక నిమిషాలు తిప్పాను, ఇంకో ఇరవై తిప్పాను. తొక్క అట్టలా అయిపోయింది, లోపల మాత్రం మొండికేసింది. చాకు దిగుతోంది, కానీ పచ్చి అరటికాయలోకి దిగినట్టు దిగుతోంది.

కారణం ఇది. దుంప 60, 70 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు నానితే కణాల్ని అంటిపెట్టుకుని ఉండే జిగురు కరగాల్సింది పోయి గట్టిపడుతుంది. చల్లారాక మళ్ళీ ఎంత వేడి చేసినా అంత తేలిగ్గా వదలదు. హోటళ్ళలో దుంప ముక్కలు చెదరకుండా ఉండాలంటే కావాలనే ఇలా చేస్తారు. మనకి అది శత్రువు. కాబట్టి మొదలుపెడితే చివరిదాకా పోనివ్వాలి. కరెంటు పోతే వెంటనే తీసి, కోసి, కుక్కర్లో గ్యాస్ మీద పెట్టేయండి, కూరైనా దక్కుతుంది. నావి చివరికి మూడు విజిళ్ళ తర్వాత ఆలూ పరాటాల్లోకి పోయాయి.

ఇన్వర్టర్ మీద నడుస్తుందా అని కొందరు అడుగుతారు. నడవదు. ఇవి 1400, 1500 వాట్లు లాగుతాయి. అదే కారణంతో 16 యాంప్స్ సాకెట్‌కే పెట్టండి, అంటే గీజర్‌కి, ఫ్రిజ్‌కి వాడే పెద్ద పిన్ను ప్లగ్గు. మూడు పిన్నుల చిన్న సాకెట్‌లో కన్వర్టర్ ప్లగ్గు దూర్చి ముప్పావుగంట నడిపితే ప్లగ్గు వేడెక్కి రంగు మారుతుంది. అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చిన మిషన్ అయితే అసలు పెట్టకండి, అది 120 వోల్టులది, మన 230కి క్షణాల్లో పోతుంది. మీ అమ్మాయి ఇక్కడే కొనిచ్చింది కాబట్టి మీకా బాధ లేదు. బిల్లు గురించి భయపడక్కర్లేదు, ముప్పావుగంటకి ఒక యూనిట్‌కి అటూ ఇటూ. కానీ ఒక్క దుంప కోసం తిప్పడం మాత్రం నా మనసొప్పదు, కనీసం మూడు పెడతాను.

అయిందని ఎలా తెలుస్తుంది

గడియారం చూసి కాదు. గుడ్డ పట్టుకుని దుంపని నొక్కండి, లోపల అంతా ఒకేలా మెత్తగా లొంగాలి. నడుమ గడ్డలా తగిలితే ఇంకా ఉంది. సన్నటి చాకు నడిమధ్యదాకా దింపి బయటికి తీస్తే దుంప దాంతో పాటు పైకి లేవకూడదు, జారి కింద పడాలి. వంటకి వాడే థర్మామీటర్ ఉంటే పని ఇంకా తేలిక, నడుమ 96 నుంచి 98 డిగ్రీలు చూపించాలి. 90 దగ్గర కూడా తినడానికి మెత్తగానే ఉంటుంది, కానీ పొడిపొడితనం ఆ చివరి ఆరేడు డిగ్రీల్లోనే వస్తుంది. చాలామంది అక్కడే తొందరపడి తీసేస్తారు. ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే పోయేదేమీ లేదు.

ఇక కోయడం. తీసి పళ్ళెంలో పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చారనుకోండి, లోపలి ఆవిరి అంతా నీరై దుంపలోనే దిగుతుంది. మీరు కష్టపడి చేసిన పొడిదనం పది నిమిషాల్లో ముద్దవుతుంది. కేఫ్‌లో నాకు మొదటి రోజు నేర్పిన పని ఇదే: పైన ప్లస్ గుర్తులా గాటు, రెండు చేతుల వేళ్ళతో కింది నుంచి ఒక్క నొక్కు. ఆవిరి బుస్సుమని లేస్తుంది, లోపలి తెల్లటి పిండి నాలుగు మూలలా విచ్చుకుంటుంది. చెయ్యి కాలుతుంది, గుడ్డ అడ్డం పెట్టుకోండి.

ఫాయిల్ గురించి గట్టిగా

మీ రెండో దుంప తడిగా ఎందుకొచ్చిందో ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఫాయిల్ చుడితే దుంప కాలదు, తన ఆవిరిలో తనే ఉడుకుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో ఇంకో ప్రమాదం ఉంది, వదులుగా ఉన్న ఫాయిల్ గాలికి లేచి పైన కాయిల్‌కి తగులుతుంది.

కానీ అసలు భయపడాల్సింది వేరే. ఫాయిల్‌లో కాల్చిన దుంపని అలాగే చుట్టి బయట వదిలేస్తే, గాలి ఆడని ఆ వెచ్చటి తడిలో బొట్యులిజం అనే, నరాల్ని చచ్చుబరిచే జబ్బు తెచ్చే క్రిమి పెరిగే వీలుంది. దాని బీజాలు మట్టిలో ఉంటాయి, దుంప పెరిగేదీ మట్టిలోనే, కాల్చినంత మాత్రాన అవి చావవు. 1994లో టెక్సాస్‌లోని ఎల్ పాసోలో ఒక రెస్టారెంట్‌లో ఇలా ఫాయిల్‌తో కాల్చి బయట ఉంచిన దుంపలతో చేసిన పదార్థం తిని 30 మంది ఈ జబ్బు పాలయ్యారు. మన ఎండాకాలంలో వంటిల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కాల్చింది వేడిగా తినండి, మిగిలితే విప్పి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున కాల్చి సాయంత్రందాకా గట్టు మీద వదిలేయడం వద్దు.

తొందర ఉన్న రోజు మైక్రోవేవ్ సాయం తీసుకోవచ్చు. పొడిచిన దుంపని అందులో ఐదారు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి, వెంటనే నూనె రాసి ఎయిర్ ఫ్రయర్‌లో 200 దగ్గర 12 నుంచి 15 నిమిషాలు. ఇంగ్లండ్‌లో ఇళ్ళలో చాలామంది ఇదే చేస్తారు. లోపల కాస్త ముద్దగా ఉంటుంది, రుచి నూటికి ఎనభై వస్తుంది. పిల్లలు స్కూలు నుంచి వచ్చి ఆకలని అరుస్తుంటే ఎనభై చాలు.

లోపల ఏం పెట్టాలి

కేఫ్‌లో మూడొంతుల ఆర్డర్లు టమాటా సాస్‌లో ఉడికించిన చిక్కుడు గింజలు, వాటి మీద తురిమిన చీజ్. నాకు అది చప్పగా ఉండేది. ఇస్తాంబుల్‌లో ఇదే దుంపని బండ్ల మీద అమ్ముతారు, కుంపిర్ అంటారు. మన కుంపటితో చుట్టరికం ఏమీ లేకపోయినా వినగానే ఆ దుంప మీద నాకు అభిమానం కలిగింది. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది: దుంప విప్పగానే ముందు వెన్న, చీజ్ వేసి లోపలి పిండిని తొక్కలోనే ఫోర్కుతో కలిపేస్తారు, ఆ తర్వాతే పైన మిగతావి. పైన వేసి వదిలేస్తే మొదటి రెండు ముద్దలకే రుచి అయిపోతుంది, మిగతాది చప్పిడి.

నేను ఇంట్లో వెన్న బదులు నెయ్యి, చీజ్ బదులు కందిపొడి వేస్తాను. ఒక దుంపకి చెంచా నెయ్యి, చెంచాన్నర కందిపొడి, చిటికెడు ఉప్పు. వేడి దుంపలో కందిపొడి కలిసేటప్పుడు వచ్చే వాసన వేడన్నంలో వచ్చే వాసనే, ఏమీ తేడా ఉండదు. మా ఆయన లెస్టర్‌లో ఉన్నన్నాళ్ళూ దీన్ని "రోగుల తిండి" అనేవాడు, కందిపొడి వేశాక రెండోది అడిగాడు. నల్లకారం కూడా బాగుంటుంది. పుల్లటి క్రీము కోసం వెతకొద్దు, గడ్డ పెరుగుని పల్చటి గుడ్డలో గంట వేలాడదీసి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి పైన వేయండి. ఉల్లికారం పెట్టేవాళ్ళు ఉప్పు చూసుకుని పెట్టండి, తొక్క మీద ఇప్పటికే ఉంది.

ఇంట్లో సుగర్ ఉన్నవాళ్ళుంటే ఒక మాట. నూనె లేదు కాబట్టి ఎంతైనా తినొచ్చు అనుకుంటారు. 200 గ్రాముల దుంపలో 35 గ్రాముల దాకా పిండి పదార్థం ఉంటుంది, బాగా కాల్చిన దుంప రక్తంలో చక్కెరని త్వరగా పెంచుతుంది కూడా. మా ఆయనకి సుగరే, అందుకని ఆ పూట అన్నం ఉండదు. చిన్న దుంప ఒకటి తొక్కతో సహా, పెరుగుతో, పక్కన ఏదైనా ఆకుకూర పప్పు. రెండోది అడిగినా ఇవ్వను.

మిగిలిన దుంప మర్నాడు మళ్ళీ బేక్డ్ పొటాటో కాదు, ఆ ప్రయత్నం వద్దు. ఫ్రిజ్ నుంచి తీసి తొక్కతోనే వేలెడంత ముక్కలు కోసి, కొద్దిగా నూనె, కారం, వెల్లుల్లి దంచి వేసి, అదే మిషన్‌లో 200 దగ్గర 10 నిమిషాలు పెట్టండి. చల్లబడ్డ పిండి గట్టిపడి ఉంటుంది కాబట్టి ముక్కలు చెదరవు, అంచులు ఎర్రగా వేగుతాయి. పప్పుచారు చేసిన రోజు దీన్ని మించిన నంజుడు మా ఇంట్లో లేదు.

మీరు మళ్ళీ పెట్టేటప్పుడు దుంప బరువు, లావు, ఎన్ని నిమిషాలు పట్టిందో ఒక కాగితం మీద రాసి మిషన్ పక్కన అంటించండి. మూడు నాలుగు సార్లు రాశాక నా లెక్కలు మీకు అక్కర్లేదు. ఉప్పు నీళ్ళలో వేసినప్పుడు మునిగిందా తేలిందా అన్నది కూడా అందులో రాయండి. అప్పటికీ లోపల పచ్చిగానే ఉంటే నాకు చెప్పండి, అప్పుడు మిషన్‌ని అనుమానిద్దాం.